పాతది అప్పగించి కొత్తది తీసుకొనవలెను

మనిషికి మతిమరుపొస్తే సరస్వతి ఆకు నూరి తాగిస్తారు. మిషనుకు మతిమరుపొస్తే ఏం చెయ్యాలో మాత్రం రేవుగుంట ఎత్తిపోతల పథకం వాళ్ళని అడగాలి. వాళ్ళు చేసినంత వైద్యం ఇంకెవరూ చెయ్యలేదు. నమ్మితే నమ్మండి, లేకపోతే ఆ గట్టెక్కి కప్పల్ని అడగండి. వాటిక్కూడా కంఠతా వచ్చేసింది ఈ కథ.

రేవుగుంట దగ్గర గోదావరి నీళ్ళు తోడి కాలవలో పోసే పంపుహౌసు ఉంది. నాలుగు మోటార్లు, మనిషి దూరిపోయేంత గొట్టాలు, వాటన్నిటికీ పెద్దదిక్కుగా గోడవార ఓ బూడిదరంగు ఇనప పెట్టె. కంట్రోలరంటారు దాన్ని. ఏ మోటారు ముందు తిరగాలి, ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలి, తొట్టిలో నీరు ఎంత దిగితే ఏది ఆగాలి, ఆ వరసంతా దానికి నోటికొచ్చు. వరస తప్పిందా, నీళ్ళు వెనక్కి తన్ని గొట్టం కాస్తా పనసకాయలా పగులుతుంది.

ఆ వరసంతా దాగుండేది పెట్టె లోపలి మెమరీ కార్డులో; ఆఫీసు భాషలో మాడ్యూలంటారు. పలకమీద రాతలాంటిదది. కరెంటున్నంతసేపూ చెరగదు. కరెంటు పోయినప్పుడు పక్కనుండే వక్కంత బ్యాటరీ ఆ రాతని కాపాడుతుంది. బ్యాటరీ నీరసిస్తే ఎర్రదీపం వెలుగుతుంది. అప్పుడు కరెంటు ఉండగానే తలుపు తీసి, పాతది లాగి, కొత్తది పెట్టి, తలుపు మూసెయ్యాలి. తమలపాకు చిలక చుట్టినంత సేపు పని. ఈ సంగతి అక్కడి ఏఈ చింతా దొరబాబుకి తెలుసు, తూములెత్తే లస్కరు సూరన్నకి తెలుసు, పై ఆఫీసు ఇంజనీర్లకి తెలుసు, గేటు దగ్గర టీ కాచే రత్తమ్మకీ తెలుసు. ఈ కథలో తెలియనివాళ్ళంటూ ఎవరూ లేరు. తమాషా అంతా అక్కడే ఉంది.

రెండో పంట దాళ్వా నాట్లు పూర్తయిన వారానికి ఎర్రదీపం వెలిగింది.

దొరబాబు స్టోర్సుకి కబురంపాడు, బ్యాటరీ ఒకటి కావాలని. స్టోర్సు నుంచి జవాబు తిరుగుటపాలో వచ్చింది: "పాతది అప్పగించి కొత్తది తీసుకొనవలెను." సరే, పాతది తీద్దామని పెట్టె దగ్గరికెళ్ళాడు. తలుపుమీద అతికించిన సర్క్యులరు అతనికేసి చూసి నవ్వింది. ఎక్కడో దూరాన ఏదో ఆఫీసులో ఒక హెడ్డుగుమాస్తా తిరుగుతున్న టేబుల్ ఫ్యాన్‌ని తడిగుడ్డతో తుడవబోయి, షాకు తగిలి, టీ పళ్ళెం మీద పడ్డాడట. ఆ దెబ్బకి పుట్టిన సర్క్యులరది. "ఏ విద్యుత్ పెట్టె తలుపునైనను, ఎట్టి పరిస్థితులలోనైనను, మెయిన్ ఆపకుండ తెరువరాదు, స్పృశింపరాదు. ఉల్లంఘించినవారు సస్పెన్షనుకు గురి కాగలరు."

మెయిన్ ఆపితే, నీరసపడ్డ బ్యాటరీ పట్టుమని పది నిమిషాలు ఆగదు. పలక చెరిగిపోతుంది. ఆపకపోతే తలుపు తియ్యకూడదు. తలుపు తియ్యకపోతే పాతది రాదు. పాతది రాకపోతే కొత్తది రాదు.

"ఎవరూ చూడకుండా ఠక్కున మార్చేద్దారండి," అన్నాడు సూరన్న. "నేను గేటు కాడ దగ్గుతానండి ఎవరన్నా వస్తే."

"కొత్తదేదిరా మార్చడానికి?"

"మరేనండి. బజార్లో కొంటే?"

"బజారు సరుకు పెట్టెలో పెడితే దానికో సర్క్యులరుంది."

సూరన్న కాసేపు ఆలోచించి, "అయితే మనం దీపానికి ఆకుపచ్చ కాయితం అంటిద్దారండి," అన్నాడు. కథ మొత్తం మీద అమల్లో పెట్టదగ్గ సలహా అదొక్కటే. దొరబాబు వినలేదు.

అతను వినకపోవడానికి కారణముంది. కాలవ చిట్టచివర, శివారున ఉన్న పసలంక అతని అత్తవారూరు. పిల్లల పరీక్షలని భార్య శేషకుమారి పట్నంలో ఉండిపోయింది; దొరబాబు దాళ్వా అయ్యేదాకా అత్తవారింట్లోనే మకాం. మావగారు బొండాడ అబ్బులుగారికి ఆ చివరి పిల్లకాలవ, శివారు బోదె, కింద మూడెకరాలు. పంపుహౌసులో నాలుగో మోటారు తిరిగితేగానీ ఆ బోదెలో తడి కనపడదు. పసలంకలో ప్రతివాడూ దొరబాబుని 'అల్లుడుగారూ' అనే పిలుస్తాడు. ఆఫీసరైతే తిట్టి ఊరుకునేవారు. అల్లుణ్ణి తిట్టడానికి లేదు. అందుకని మర్యాద చేస్తారు. అది ఇంకా దారుణం.

"ఏవండీ అల్లుడుగారూ," అనేవారు అబ్బులుగారు సాయంత్రం అరుగుమీద కూర్చోబెట్టి. "మీ పెట్టెకి జబ్బు చేసిందంట కదా. పథ్యం ఏం పెడతన్నారు?"

"పైకి రాశానండి మావయ్యగారూ."

"పైకంటే? దేవుడికా?"

"ఎస్ఈ గారికండి."

"ఆహా. అయితే మా చేను పొట్టమీదకొచ్చే ఏళకి నీళ్ళొస్తాయన్నమాట. వచ్చే ఏడు పొట్టమీదకి."

తలుపు చాటునించి గాజుల చప్పుడయ్యేది. అత్తగారు మంగాయమ్మగారు. కూతురి పెళ్ళయి పదిహేనేళ్ళయినా అల్లుడికి ఎదురుపడి ఒక్కమాట మాట్లాడలేదావిడ. పాతకాలం మర్యాద. చెప్పవలసిందేదైనా మొగుణ్ణి అడ్డం పెట్టుకునో, గోడకి చెప్పినట్టో చెప్పేది.

"గోడా, అల్లుడుగారు పొద్దున ఇడ్లీ సగంలో వదిలేశారు. బెంగెట్టుకోవద్దని చెప్పు. చేను ఎండితే ఎండింది, మనుషులెండకూడదు."

ఆ మాటతో దొరబాబుకి ఉన్న బెంగ కాస్తా రెండింతలయ్యేది.

*

సర్కిలాఫీసు నుంచి ఎస్ఈ పరాంకుశంగారు వచ్చారు. ఆయన మాట్లాడితే మాట మాటకీ కింద సంతకం పెట్టినట్టుండేది. పెట్టెకి మూడు బారల దూరంలో నిలబడి, ఎర్రదీపాన్ని పరిశీలించి, దొరబాబు చెప్పిందంతా విని, తల పంకించారు.

"మిస్టర్ దొరబాబూ, మీ విన్నపంలో మౌలికమైన లోపమొకటి గలదు. బ్యాటరీ యొక్క ఆవశ్యకత ఎప్పుడు ఉత్పన్నమగును?"

"కరెంటు పోయినప్పుడండి."

"కరెంటు పోనిచో?"

"అవసరం లేదండి."

"కావున కరెంటు పోరాదు. సమస్య పరిష్కృతమైనది." కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పరికరమును మార్చుట సామాన్యుల పద్ధతి. పరిస్థితిని మార్చుట పరిపాలన."

మర్నాటినించీ రేవుగుంట పంపుహౌసుకి కరెంటు పోకూడదని ఉత్తర్వు. విద్యుత్తు వాళ్ళు ఇక్కడ పోకుండా ఉండాలంటే ఇంకెక్కడో పోవాలి కదా అని, చుట్టుపక్కల ఏడూళ్ళకి తీసేశారు. పెళ్ళిళ్ళు పెట్రోమాక్సు దీపాల కింద జరిగాయి. ఒక ఊళ్ళో ఆ చీకట్లో పీటలమీద పెళ్ళికూతురి పక్కన తోడు పెళ్ళికొడుకుని కూర్చోబెట్టేశారట. మంగళసూత్రం దాకా వచ్చాక అసలు పెళ్ళికొడుకు వెనకనించి దగ్గాడు కాబట్టి సరిపోయింది. అదీ చాలదన్నట్టు ఒక జనరేటరు తెచ్చారు. జనరేటరుకి నమ్మకమేమిటని దానికి దన్నుగా ఇంకొకటి తెచ్చారు. ఆ రెండూ ఆగకుండా తిరుగుతుంటే, ఆ మోతకి గట్టుమీద కొంగలు రావడం మానేశాయి. కాలవలో చేపలు మాత్రం సంతోషించాయి.

ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

అంతటితో ఊరుకుంటే కథ ఉండేది కాదు. పరాంకుశంగారు ఏదో కొండమీది హోటల్లో మానవ వనరుల మీద జరిగిన సదస్సుకి వెళ్ళొచ్చారు. అక్కడ వాళ్ళేం చెప్పారో మనకి తెలీదు గానీ, ఆయన మాత్రం పెద్ద గుడ్డబ్యానరుతో దిగారు. దానిమీద అరచేయంత అక్షరాలు: "మానవుడే మహా మాడ్యూలు."

సిబ్బందినంతా చెట్టు నీడలో నిలబెట్టి ఉపన్యసించారు.

"యంత్రమునందలి జ్ఞాపకము యంత్రముతో నశించును. మానవునియందలి జ్ఞాపకము తరతరములు నిలుచును. కావున ఈ పెట్టెలోని కార్యక్రమమునంతను సిబ్బంది కంఠస్థము చేయవలెను. ఒక్కొక్కరికి కొన్ని వాక్యములు కేటాయించబడును. పెట్టె పనిచేయుచున్నంతసేపు, దానితో సమాంతరముగా, తమ తమ వాక్యములను బిగ్గరగా వల్లించుచుండవలెను. అప్పుడు పెట్టె మరచినను మనము మరువము."

"సార్," అన్నాడు దొరబాబు, "పెట్టె మరవకుండా ఆ బ్యాటరీ ఒక్కటీ..."

"మీరు ఇంకను వస్తువుల స్థాయియందే ఉన్నారు, దొరబాబూ."

కాగితాలు పంచారు. వాచ్‌మన్‌కి పదిహేను వాక్యాలు, తోటమాలికి పన్నెండు, టైపిస్టుకి ఇరవై, సూరన్నకి పన్నెండు. అందరికన్నా చివరి వాక్యం, నాలుగో మోటారు తిప్పి శివారు తూము ఎత్తేది, ఏఈ హోదానిబట్టి దొరబాబుకిచ్చారు. పంపుహౌసులో వరసగా ముక్కాలిపీటలు వేసి కూర్చోబెట్టారు. ఇంక చూడండి. వీధిబడిలో ఎక్కాలు చెప్పినట్టే.

"తొట్టిలో నీరు గీటు దాటితే ఒకటో వాల్వు సగం తీ!"

"సగం తీశాక పది అంకెలు లెక్కెట్టి ఒకటో మోటారు తిప్పు!"

"మోటారు రొద సర్దుకుంటే మిగతా సగం తీ!"

పెట్టె తన పని తాను చేసుకుపోతుంటే, దానికి తాళం వేసినట్టు వీళ్ళు పొద్దుగూకులూ వల్లించడం. పాఠం వచ్చేశాక కాగితాలు వాపసు తీసేసుకున్నారు, విద్యుత్ ప్రాంగణంలో కాగితం ఉండకూడదని ఇంకో సర్క్యులరుంది గనక.

ఆ తరవాత నియమావళి వచ్చింది. మొదటి వాక్యమే గొప్పది: "మానవ మాడ్యూలుకు యంత్ర మాడ్యూలు నియమములన్నియు వర్తించును." అంటే, కరెంటున్నప్పుడు మాడ్యూలుని స్థానం నుంచి కదపకూడదు. కరెంటు ఎప్పుడూ ఉంటుంది. అందుకని షిఫ్టు అయ్యేదాకా పీట దిగకూడదు.

"మరి ఒంటికీ రెంటికీ ఎలాగండి బాబూ?" అన్నాడు వాచ్‌మన్ లేచి నిలబడి.

"ఆ విషయమై ఉపసంఘము వేయబడినది," అన్నారు పరాంకుశంగారు. "ఉపసంఘ నివేదిక వచ్చువరకు యథాస్థితిని కొనసాగించవలెను."

ఆవలించినవాడి మెడకి ఎర్రగుడ్డ కట్టేవారు, బ్యాటరీ నీరసించిందని గుర్తుగా. మాడ్యూలు ఛార్జి తగ్గకుండా పూట పూటకీ టిఫిను అందాలని, టిఫినుని 'బ్యాకప్ శక్తి' అని నమోదు చేశారు. అది తెచ్చే ఇంటి ఆడవాళ్ళని గేటు దగ్గర ఆపకూడదని పాసులిచ్చారు. పాసుమీద 'విద్యుత్ సరఫరాదారు' అని ఉండేది. రోజూ కారియర్లు పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు వరండాలో కూర్చుని, బీరకాయలు చెక్కుతూ, పేలు చూసుకుంటూ, షిఫ్టు షిఫ్టుకీ ఈ పాఠం వినీ వినీ, బియ్యం దంచేటప్పుడు కూడా అదే పాడేవారు. ఊళ్ళో పిల్లలు కోతికొమ్మచ్చికి దీన్నే లెక్కగా పెట్టుకున్నారు. చెప్పానుగా, కప్పలకి కూడా వచ్చేసింది.

మంగాయమ్మగారు పసలంక నుంచి అల్లుడికి కారియరు తెచ్చేవారు. దూరం గనక వచ్చినావిడ పొద్దు వాలేదాకా ఉండిపోయేవారు. వరండాలో స్తంభం వెనక కూర్చుని అందరి వాక్యాలూ వినేవారు. వరస దొరబాబు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఠక్కున లేచి ఆవలికెళ్ళిపోయేవారు. అల్లుడుగారు గొంతెత్తి పాఠం అప్పజెబుతుంటే అత్తగారు వింటూ కూర్చోవడం ఏం మర్యాద?

*

చేను పొట్టమీదకొచ్చింది. సరిగ్గా అప్పుడే రేవుగుంటకి షీల్డొచ్చింది.

'స్మృతి రక్షణ షీల్డు'. ఎర్రదీపం వెలిగి ఇన్నాళ్ళయినా జ్ఞాపకం చెరగకుండా కాపాడినందుకు. అది ఇవ్వడానికి పై ఆఫీసు నుంచి చీఫ్ ఇంజనీరుగారు వేంచేశారు. షామియానా, సన్నాయి, సమోసాలు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మాడ్యూళ్ళ కోసం వచ్చిన టిఫినంతా అతిథులే కానిచ్చేశారు. ఆరోజు పీటలమీదివాళ్ళు ఖాళీ కడుపుల్తోనే వల్లించారు.

కార్యక్రమంలో నాలుగో అంశం: చీఫ్‌గారు పెట్టెకి చేమంతిదండ వేసి సత్కరించుట.

చీఫ్‌గారు దండ పట్టుకుని పెట్టె దగ్గరికి నడిచారు. పరాంకుశంగారు చటుక్కున అడ్డం వచ్చారు.

"క్షమించవలెను సార్. నియమము. స్పృశించుటకు ముందు మెయిన్ ఆపవలెను."

"ఓ! శభాష్. నియమము నియమమే. ఆపండి."

దొరబాబు పీట దిగకూడదన్న సంగతి కూడా మరిచి పరిగెత్తుకొచ్చాడు. "సార్! సార్! ఎర్రదీపమండి! బ్యాటరీలో ఏమీ లేదండి. ఆపితే మొత్తం పోతుందండి. శివారు చేలన్నీ పొట్టమీదున్నాయండి! దండ గోడకి వేద్దామండి, బ్యానరుకి వేద్దామండి, నాకు వేసినా నేనేమీ అనుకోనండి!"

"దొరబాబూ," అన్నారు పరాంకుశంగారు చల్లగా, "దండ వేయుట ఆహ్వానపత్రికలో ముద్రింపబడినది."

మెయిన్ ఆపారు. ఒక జనరేటరు ఆపారు, దాని వెనక జనరేటరూ ఆపారు. ఎన్నాళ్ళకో నిశ్శబ్దం వినపడింది. చీఫ్‌గారు దండ వేశారు. ఫోటో సరిగా రాలేదని తీసి మళ్ళీ వేశారు. ఈలోగా ఎర్రదీపం మినుకుమని, ఇంకోసారి మినుకుమని, ఆరిపోయింది.

"చూశారా!" అన్నారు చీఫ్‌గారు. "దండ వేయగానే ఎర్రదీపం ఆరిపోయినది!"

చప్పట్లు మారుమోగాయి. సన్నాయివాడు అందుకున్నాడు. దొరబాబు అక్కడే నేలమీద కూలబడ్డాడు.

కార్లెళ్ళిపోయాక మెయిన్ వేశారు. పెట్టెలో దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి, పురిట్లో పిల్ల కళ్ళు తెరిచినట్టు. మోటారు ఒక్కటీ కదల్లేదు. సూరన్న పెట్టెకి దండం పెట్టి, "పోయిందండి," అన్నాడు. "పలక కడిగేసినట్టే."

పెట్టెకి మళ్ళీ పాఠం చెప్పడానికి దారి ఉంది. తలుపు తెరిచి ఉండాలి, కరెంటూ ఉండాలి. అంటే దారి లేదు. ఇలాంటి అవసరానికని పాఠం నకలున్న మెమరీ కార్డు ఇంకొకటి సర్కిలాఫీసు బీరువాలో ఉండాలి. ఉంది. బీరువాలో బ్యాటరీ ఉంటే అగ్నిప్రమాదమని, బ్యాటరీ ఊడదీసి, కార్డుకి పట్టుగుడ్డ చుట్టి భద్రం చేశారు.

"మానవ మాడ్యూళ్ళున్నవి కదా!" అన్నారు పరాంకుశంగారు ఏమాత్రం చలించకుండా. "ఇట్టి సుదినము కొరకే కదా. గోడమీద చేతిమీటల బోర్డు గలదు. వాక్యక్రమమున మీటలు నొక్కుడు."

అందరూ పీటలెక్కారు. దొరబాబుకి ప్రాణం లేచొచ్చింది. వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు. అప్పుడు పరాంకుశంగారికి తను రాసిన నియమావళి తనకే గుర్తొచ్చింది. మొహం పాలిపోయింది.

"ఆగుడు. మెయిన్ ఆపిన సమయమున మీకు బ్యాకప్ శక్తి అందినదా?"

"టిఫినండీ? ఎక్కడిదండి! సమోసాలు ఆ ఫోటోవోడే ఆరు తిన్నాడండి," అన్నాడు సూరన్న.

"అనగా కరెంటు లేదు, బ్యాకప్ శక్తి లేదు. యంత్ర మాడ్యూలు నియమములన్నియు వర్తించును. కావున మీ అందరి జ్ఞాపకము చెరిగినట్లు భావించవలెను."

"కానీ నాకు గుర్తుందండి!" అన్నాడు వాచ్‌మన్.

"నీకు గుర్తున్నట్లు నీవు చెప్పుట చెల్లదు. తాజాగా కంఠస్థము చేసి, పరీక్షింపబడి, ధ్రువపత్రము పొందవలెను. కాగితములు పై ఆఫీసునుండి తెప్పించుటకు నెల పట్టును. అంతవరకు ఎవ్వరును ఒక్క వాక్యమైనను జ్ఞప్తికి తెచ్చుకొనరాదు. తెచ్చుకొన్నవారు సస్పెన్షనుకు గురి కాగలరు."

*

రెండ్రోజులకి శివారు బోదెలో మట్టి నెర్రెలిచ్చింది. అబ్బులుగారు ఎండిన మట్టిపెడ్డ ఒకటి తువ్వాలులో మూటగట్టి తెచ్చి, పంపుహౌసులో పీటమీద కూర్చున్న అల్లుడి ఒళ్ళో పెట్టారు.

"తినండి. మీ అత్తారి మాగాణి."

"మావయ్యగారూ..."

"మిమ్మల్ననలేదండి. అల్లుణ్ణనకూడదు. ఒక్కమాట అడుగుతాను. ఆ వరస మీకు గుర్తుందా, లేదా?"

దొరబాబు అటూ ఇటూ చూశాడు. "గుర్తుందండి. అయితే గుర్తులేదండి."

"ఆహా. మా నాన్న కూడా అప్పులోళ్ళొస్తే అలాగే చెప్పీవోడు."

"నెలాగమంటున్నారండి."

"నెలాగితే చేనుండదు, గడ్డుంటాది. గేదెలు మిమ్మల్ని దీవిస్తాయి."

ఇంతలో గేటు దగ్గర అలికిడయింది. మంగాయమ్మగారు. చేతిలో కారియరు, మెడలో పాసు. లోపలికొచ్చి, అల్లుడివైపు వీపు పెట్టి, గోడకేసి తిరిగి నిలబడ్డారు. ఆ గోడమీదే చేతిమీటల బోర్డు.

"గోడా," అన్నారావిడ, "నేను సర్కారు ఉద్యోగిని కాను. నాకెవరూ సర్క్యులరివ్వలేదు. ఈ మీటలు పెట్టె బయటున్నాయి. తలుపు తియ్యక్కర్లేదు. ఆ సన్నాయి రోజు మా ఇంట్లో నేను కడుపునిండా పెసరట్టు తిన్నాను. అంచేత నా జ్ఞాపకం ఎక్కడికీ పోలేదు. ఎవరికన్నా అభ్యంతరమా?"

గోడ ఏమీ అనలేదు. సూరన్న మాత్రం గేటు దగ్గరికెళ్ళి దగ్గడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

ఆవిడ కొంగు నడుంకి దోపి మొదలెట్టారు. తొట్టిలో నీరు గీటు దాటిందా చూశారు. ఒకటో వాల్వు సగం తీశారు. పది అంకెలు లెక్కెట్టారు. ఒకటో మోటారు ఘూర్ణిల్లింది. వాచ్‌మన్ వాక్యాలు, తోటమాలివి, టైపిస్టువి, సూరన్నవి, ఒకదాని వెనక ఒకటి, మధ్యలో ఒక్కచోట తడుముకోకుండా, తిరగలి పాటలా సాగిపోయింది. రెండో మోటారు, మూడో మోటారు. వరండాలో ఆడవాళ్ళు వంత పాడుతున్నారు. పీటలమీద సిబ్బంది పెదాలు బిగబట్టుకుని కూర్చున్నారు, ఎక్కడ గుర్తొచ్చేస్తుందోనని.

నాలుగో మోటారు మీట దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

చివరి వాక్యం. అది అల్లుడుగారిది. ఆ వాక్యం వచ్చినప్పుడల్లా మర్యాదకి లేచెళ్ళిపోయిన మనిషి. ఊరందరి పాఠమూ వచ్చు, తన చేలోకి నీళ్ళొచ్చే పాఠమొక్కటీ రాదు.

మోటార్ల రొద పెరుగుతోంది. గొట్టం అదరడం మొదలెట్టింది.

"గోడా," అన్నారు మంగాయమ్మగారు, "తూము ముందా, మోటారు ముందా?"

దొరబాబు లెక్క చూసుకున్నాడు. చెబితే ఉద్యోగం. చెప్పకపోతే గొట్టం, ఆ వెనక చేను. ఒళ్ళోని మట్టిపెడ్డ కేసి చూశాడు. పీట దిగలేదు. పీట దిగకూడదు కదా. ఉన్నచోటునించే అవతలి గోడకేసి తిరిగాడు.

"గోడా," అన్నాడు అతనూ, "మా అత్తగారికి చెప్పు. తూము జానెడు ఎత్తాలి. నీళ్ళు తూము గడప తాకాకే మోటారు. మోటారు సర్దుకున్నాక తూము పూర్తిగా. నేను చెప్పినట్టు మాత్రం చెప్పకు."

"గోడా," అన్నారావిడ, "అల్లుడుగారు చల్లగా ఉండాలని చెప్పు."

నాలుగో మోటారు తిరిగింది. గొట్టం అదురు తగ్గింది. అబ్బులుగారు తువ్వాలు నెత్తిన వేసుకుని, ఆ వయసులో, గట్టువెంట నీళ్ళతో పాటు పరిగెత్తారు. ఎవరు ముందు పసలంక చేరారంటే ఆయనేనని ఆయనంటారు. నేను నీళ్ళ పక్షం.

*

మంగాయమ్మగారు రోజూ వచ్చి మీటలు నొక్కడం మొదలెట్టిన నాలుగోనాడు పరాంకుశంగారు ఊడిపడ్డారు. కాలవనిండా నీళ్ళు, బోర్డు దగ్గర ఓ పెద్దావిడ, దవడన తాంబూలం.

"ఎవరీమె?" అన్నారు హడలిపోయి.

దొరబాబు ఇన్నాళ్ళుగా ఆ ఆఫీసులో ఊరికే కూర్చోలేదు. చేతులు కట్టుకుని, "బ్యాకప్ అండి," అన్నాడు.

పరాంకుశంగారు చాలాసేపు ఆలోచించారు. తరవాత ఆయన మొహం విప్పారింది. జేబులోంచి కలం తీశారు. "బాహ్య జ్ఞాపక మాడ్యూలు, స్థానికముగా సమకూర్చుకొనబడినది. సంఖ్య: ఒకటి. మానవుడే మహా మాడ్యూలు! నేను అప్పుడే చెప్పలేదా?" ఆవిడని సామాన్ల జాబితాలోకి ఎక్కించేసి, సంతోషంగా వెళ్ళిపోయారు.

ఆ జాబితా స్టోర్సుకి చేరింది. స్టోర్సుకీపరు నరసింగంగారు దాన్ని చూసి ఊపిరి పీల్చుకున్నారు. దొరబాబు బ్యాటరీ కోరిక ఎన్నాళ్ళుగానో పాత వస్తువు లేక ఆగిపోయి ఉంది కదా. జ్ఞాపకానికి సంబంధించిన పాత వస్తువొకటి ఇప్పుడు చిట్టాలోకొచ్చింది. కొత్త బ్యాటరీ డబ్బాలో పెట్టుకుని జీపేసుకుని స్వయంగా పసలంక వచ్చారు.

"బాహ్య జ్ఞాపక మాడ్యూలు ఎక్కడ?" అన్నారు అరుగు దగ్గర ఆగి. "పాతది అప్పగించి కొత్తది తీసుకొనవలెను."

అబ్బులుగారికి సంగతి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక లోపలికెళ్ళి పరుపుచుట్ట కట్టుకొచ్చి జీపులో వేశారు.

"తీసుకెళ్ళండి బాబూ. కొత్తది మా అల్లుడుగారికివ్వండి. నలభయ్యేళ్ళ సరుకు, ఎక్కడా తుప్పులేదు. నాకో రసీదు రాసిచ్చెయ్యండి చాలు."

నరసింగంగారు నిజంగానే రసీదు రాసి సంతకం పెట్టారు. తలుపు వెనకనించి గాజులు గలగలమన్నాయి. ఈసారి మంగాయమ్మగారు చాటు మానేసి వాకిట్లోకే వచ్చారు.

"పదండి, వస్తాను. స్టోర్సులో పెడతారన్నమాట నన్ను. మంచిదే. మరి నాకు బ్యాటరీ ఎవరు మారుస్తారు? పొద్దున్నే నాలుగు పెసరట్లు, అల్లం పచ్చడి. మధ్యాన్నం పులసో, సీజను కాకపోతే కొర్రమీనో. మూడింటికి టీ. తాంబూలానికి లెక్కలేదు. ఒక్కపూట తప్పితే జ్ఞాపకం చెరిగిపోద్ది. చెరిగిందా, ప్రభుత్వం సొమ్ము పాడుచేశారని మీమీదే రాస్తారు. వంటొచ్చా మీకు?"

నరసింగంగారు జీపుకేసి చూశారు, ఆవిడకేసి చూశారు. బ్యాటరీ డబ్బా అరుగుమీద పెట్టేశారు. రసీదు చింపబోయి, ప్రభుత్వ పత్రం గనక చింపకూడదని గుర్తొచ్చి, దానికిందే "పాతది వాడుకయందున్నందున స్వాధీనము వాయిదా" అని రాసి, పరుపుచుట్ట దింపేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

కొత్త బ్యాటరీని మర్నాడే పెట్టెలో పెట్టారు. మెయిన్ ఆపి, నియమం ప్రకారం. ఇప్పుడు ఆపడానికి ఏ అభ్యంతరమూ లేదు, పోవడానికి లోపల ఏమీ లేదు గనక. ఎర్రదీపం ఆరింది, ఆకుపచ్చదీపం వెలిగింది. ఆ పెట్టె ఈరోజుకీ ఒళ్ళంతా దండలతో గోడవార నిలబడి, ఖాళీ పలకని కంటికి రెప్పలా కాపాడుతోంది. దాని తలమీద షీల్డు. దాని పక్కనే పీటమీద మంగాయమ్మగారు. చేను మాత్రం పండింది, ఏపుగా.

అబ్బులుగారు ఆ రసీదుని గోడకి మేకు కొట్టి తగిలించుకున్నారు. భార్య గట్టిగా మాట్లాడినప్పుడల్లా దానికేసి ఓసారి చూస్తారు.

"వాయిదా అన్నాడు గానీ," అంటారు అల్లుడితో గొంతు తగ్గించి, "రద్దనలేదండి."

తలుపు వెనక గాజుల చప్పుడవుతుంది.

"గోడా," అంటారు మంగాయమ్మగారు, "మావగారికి ఈపూట టిఫిను లేదని అల్లుడుగారికి చెప్పు. ఆయన జ్ఞాపకం చెరిగినట్టు భావించమను."